క్రిస్మసు సెలవులు – కోనసీమ పిల్లల చదువు

కోనసీమలో సార్వా కోతలు ముగిసి కొత్త ధాన్యము ఇల్లు చేరుటయు, దాళ్వా నారుమళ్లకు నీరు పెట్టుటయు, క్రిస్మసు పండుగ వచ్చుటయు ఇంచుమించు ఒక్క నెలలోనే జరుగును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ ఊరికి పోయినను డిసెంబరు రాత్రులు నిశ్శబ్దముగా నుండవు. క్రైస్తవుల పేటలలో ఇంటింటను నక్షత్రదీపము వ్రేలాడుచుండును. యువకులు కీర్తనలు పాడుచు ఇల్లిల్లు తిరుగుదురు. 16వ తేదీ ప్రాంతమున ధనుర్మాసము ప్రవేశించును గనుక తెల్లవారుజామున ఆలయమునుండి తిరుప్పావై వినవచ్చును. ఈ రెంటికి నడుమ, మార్చి నెలలో పబ్లికు పరీక్షకు కూర్చుండవలసిన పదవ తరగతి విద్యార్థి లెక్కలు చేసికొనవలసియున్నది.

పండుగ వలదని మేము చెప్పబోవుట లేదు. కొత్త బియ్యపుపిండితో అరిసెలు వండుకొనని డిసెంబరు కోనసీమకు డిసెంబరే కాదు. పండుగకును బడికిని నడుమ ఇంట జరుగు లెక్క ఎట్టిదో పాఠకులతో కలిసి చూడదలచితిమి.

మొదట తెలియవలసినది, సెలవు అందరికిని ఒక్కటి కాదనుట. క్రిస్మసునాడు రాష్ట్రమున అన్ని బడులకును సెలవే. 24, 26 తేదీలు ఐచ్ఛిక సెలవులు. మిషనరీ యాజమాన్యము క్రింద నున్న పాఠశాలలకు మాత్రము విద్యాశాఖ పట్టికలో క్రిస్మసుకు కొన్ని దినములు ప్రత్యేకముగా నిచ్చి, అందుకు బదులుగా దసరా, సంక్రాంతి సెలవులను కుదింతురు. ఇట్టి బడులు ఈ ప్రాంతమునకు క్రొత్తవి కావు. 1836లో భారతదేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఆంగ్ల మిషనరీలు వసిష్ఠ ఆవలియొడ్డున నరసాపురము కేంద్రముగా పనిచేసిరి. అక్కడ రేవు దాటినచో సఖినేటిపల్లి, రాజోలు సీమయే. కాలక్రమమున గోదావరి డెల్టాలో ప్రార్థనమందిరములతోపాటు బడులును వెలసినవి.

దీని ఫలితము ఒక్క ఇంటిలోనే కనబడును. అక్క మిషను హైస్కూలులో చదువును. తమ్ముడు మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి. అక్కకు వారము సెలవు, తమ్మునికి ఒక్క దినము. అమ్మమ్మగారి ఊరికి పోవునప్పుడు తల్లి ఇద్దరిని వెంటబెట్టుకొని పోవును గాని ఒకనిని విడిచి పోజాలదు గదా! ఇంటి లెక్కకు అది పండుగ ప్రయాణము. బడి లెక్కకు పిల్లవాని గైరుహాజరు.

ఈ గైరుహాజరు ఎంతటిదో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. సంక్రాంతి సెలవులు సాధారణముగా జనవరి 10వ తేదీ ప్రాంతమున ప్రారంభమగును. క్రిస్మసు మరునాటినుండి అప్పటివరకు ఆదివారములు పోగా ప్రభుత్వ పాఠశాల పనిచేయునది సుమారు పండ్రెండు, పదమూడు దినములే. జనవరి మొదటి తేదీ వేడుకకూడ చూచుకొని తిరిగివచ్చిన పిల్లవాడు అందులో సగము పోగొట్టుకొనును. మిగిలిన సగము ముగియకముందే భోగిమంటలకు పిడకల దండలు సిద్ధమగును. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థము! ఈ విధముగా నెల దినములు చదువు త్రెగిపోవును. పెద్ద తరగతి పిల్ల పుస్తకము తెరచి తనంతట తాను అందుకొనగలదు. రెండవ తరగతివాని సంగతి అట్లు కాదు. ఒత్తులు, గుణింతములు అప్పుడప్పుడే పట్టుబడుచున్న పిల్లవానికి నడుమ ఒక వారము పోయినచో, తరువాతి పాఠము చదువుచున్నట్లు నటించుట అలవాటగును. మా దృష్టిలో నష్టమంతయు ఇచ్చటనే యున్నది. ఇంట దీనిని గమనించువారు తక్కువ. ప్రయాణము తప్పనిదైనచో ఆ వారములో జరుగు పాఠమేదో ఉపాధ్యాయుని ముందుగా అడిగి, పుస్తకమును సంచిలో పెట్టుకొనుట కష్టమైన పని కాదు. దినమునకు అరగంట చాలును.

రాత్రి కీర్తనలను గూర్చి ఒక్క మాట. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లను సామాన్యముగా నిషేధించినవి. ఇది ఆలయమునకును, ప్రార్థనమందిరమునకును సమానమే. మైకు లేకుండ పాడిన పాట మరింత ఇంపుగా నుండునని మా అభిప్రాయము.

నక్షత్రదీపమును అంగడిలో కొనక ఇంట చేయుదురేని పిల్లలకు అదియు చదువే. సమానమైన అయిదు వెదురుబద్దలను ఒకదానిపై నొకటి అడ్డముగా వేసి కట్టినప్పుడు ప్రతి కొనయందును 36 డిగ్రీల కోణము రావలెను. ఒక్క బద్ద పొట్టిదైనను నక్షత్రము కుంటును.

సెలవు దినమున బడిలో మధ్యాహ్నభోజనము ఉండదనుట కలిగిన ఇండ్లకు తట్టదు. ఆ పథకమునకు 2024లో రాష్ట్ర ప్రభుత్వము పెట్టిన పేరు కోనసీమ ఇల్లాలిదే. లంకల గన్నవరమున ఆకొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారిది.

ఇంతకన్న కఠినమైన సంగతి మరియొకటి యున్నది. గోదావరి జిల్లాలనుండి, అందును కోనసీమనుండి, వేలకొలది స్త్రీలు ఇంటిపనులకై కువైటు, ఖతారు, ఒమాను దేశములకు పోయి పనిచేయుచున్నారు. పిల్లలు మామ్మవద్దనో, అమ్మమ్మవద్దనో పెరుగుదురు. కువైటులో క్రిస్మసు సెలవుదినము కాదు. రెండేండ్ల ఒప్పందము ముగిసి, యజమాని అనుమతించి, టిక్కెట్టు దొరకినప్పుడే తల్లి రాక. అది డిసెంబరులో సమకూడినచో ఆ ఇంట ఆ యేడు క్రిస్మసు నిజమైన క్రిస్మసు. అట్టి వారమున పిల్లను బడికి పొమ్మని గదుముట మాకును సమ్మతము కాదు. అయితే ఆ తల్లి ఉన్న దినములలోనే ఒక పూట పిల్లతోకూడ బడికి పోయి ఉపాధ్యాయుని చూడవలెను. ఏ పాఠమున వెనుకబడినదో, ఎవరితో స్నేహమో ఆయన నోట వినవలెను. ఏడాది పొడుగున బడికి తెలిసిన పెద్దదిక్కు అమ్మమ్మ ఒక్కతె. ఆమెకు చదువు రాకపోవచ్చును.

తల్లి తిరిగి పోయిన పిమ్మట ఫోను మిగులును. కువైటు గడియారము మనకన్న రెండున్నర గంటలు వెనుక. ఇచ్చట రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు అక్కడ ఏడు. ఆమె వంటగదిలో పని యింకను తెమలదు. ఆమెకు తీరిక దొరకునప్పటికి ఇచ్చట అర్ధరాత్రి సమీపించును. పిల్ల మేలుకొని యుండును, మరునాడు తరగతిలో తూగును. వద్దనుటకు అమ్మమ్మకు నోరు రాదు. దీనికి కొన్ని ఇండ్లలో చక్కని ఉపాయమున్నది. పిల్ల ఆనాటి తెలుగు పాఠమును సాయంకాలము బిగ్గరగా చదివి, ఫోనులో గొంతు పట్టి తల్లికి పంపును. తల్లి పని ముగించుకొని, ఎంత రాత్రియైనను, పక్కపై మేనువాల్చి వినును. తప్పు చదివిన మాటను సవరించి తన గొంతుతో తిరిగి పంపును. తెల్లవారి లేచి పిల్ల మొదట వినునది అదియే.