పట్టికలోని విలువ పైకి చేరు విధము

ఇల్లు కట్టుచోట కూలివారు నిచ్చెన మెట్లపై నిలిచి సున్నపు తట్టలను ఒకరి కొకరు అందించుకొనుట మనము చూచినదే. పైవాడు చేయి చాచినప్పుడే క్రిందివాడు తట్ట నందించును. కంప్యూటరులో డేటాబేసు మన ప్రశ్నకు జవాబును సమకూర్చు విధము ఇంచుమించు ఇట్టిదే.

కుప్పములోని ఒక ఉన్నత పాఠశాలలో రెండు పట్టికలు కలవనుకొందము. విద్యార్థుల పట్టికలో అడ్మిషను నంబరు, పేరు, ఊరు అను మూడు నిలువువరుసలు. మార్కుల పట్టికలో అడ్మిషను నంబరు, సామాన్యశాస్త్రము, గణితము అను మూడు. గుడుపల్లె నుండి వచ్చు పిల్లల గణితపు మార్కులను, పేర్లను, ఎక్కువ మార్కులు ముందు వచ్చునట్లు చూపుమని ఉపాధ్యాయుడు అడిగెను.

డేటాబేసు మొదట ఒక పథకము వేసికొనును. అందులోని పనివారిని నోడులందురు. అట్టడుగున రెండు నోడులు: ఎడమది విద్యార్థుల పట్టికను చదివి గుడుపల్లెవారిని ఏరును, కుడిది మార్కులను చదువును. వాటిపై నోడు అడ్మిషను నంబరు సరిపోయిన వరుసలను జతచేయును. అన్నిటికంటె పైనోడు మార్కుల క్రమమున పేర్చును. పైది అడిగినకొలది క్రిందిది ఒక్కొక్క వరుసనే ఇచ్చును. గెట్స్ గ్రేఫె 1994లో వివరించిన 'వాల్కనో' ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము.

ఇందలి ముఖ్యవిషయ మిది. పైనోడు 'గణితము' అను పేరుతో వెదకదు; తట్టలోని గడి సంఖ్యను బట్టి విలువను తీసికొనును. గణితము పట్టికలో 3వ గడి. కుడి నోడు సామాన్యశాస్త్రమును విడిచి నంబరును, గణితమును మాత్రమే అందించినచో, జతచేయు నోడునకు అది కుడితట్టలో 2వ గడి. ఆ నోడు మార్కును ముందు, పేరును వెనుక ఉంచి పైకిచ్చును గనుక, పేర్చు నోడునకు అదే 1వ గడి. విలువ యొక్కటే, మెట్టు మారినకొలది దాని చిరునామా మారుచున్నది.

ఈ లెక్క తప్పినచో నేమగును? గణితమునకు బదులు సామాన్యశాస్త్రపు మార్కు రావచ్చును. రెండును అంకెలే గనుక యంత్రమునకు అనుమానము కలుగదు. అందుచేత, 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆరంభమైన పోస్ట్‌గ్రెస్ నుండి పెరిగిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, పథకము సిద్ధమైన పిమ్మట, నడుపుటకు ముందే, ప్రతి విలువకును 'ఏ వైపు తట్ట, ఎన్నవ గడి' అని నిర్ణయించి వ్రాసికొనును. లక్ష వరుసలు వచ్చినను పేరు వెదకు పని మరల ఉండదు.

ఈ తట్టకు స్లాటు అని పేరు. అందులో చాలసార్లు విలువకు నకలు ఉండదు. అది మెమరీలో ఉన్న చోటు మాత్రమే ఉండును. తరువాతి వరుస అదే తట్టలోనికి వచ్చును; అంతటితో పాతది చెల్లును. జతచేయు నోడు కుదిరిన వరుసను వెంటనే పైకి పంపగలదు. పేర్చు నోడు అన్ని వరుసలను చూచినగాని మొదటిదానిని తేల్చలేదు; కావున అది తనకు వేరుగా నకళ్లు తీసికొనవలెను.

తరగతిలో నలుగురు పిల్లలను నిలిపి, శీర్షికలు లేని చీటీలతో ఈ పనిని చేయించి చూడవచ్చును. ఒకచోట గడి సంఖ్యను మార్చి చూడుడు. జవాబు రాక మానదు. కాని అది తప్పు జవాబు.