ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు

మా పెనుగొండలో ఎన్నికలొచ్చినప్పుడల్లా హైస్కూలు వరండాలో ఒక కానిస్టేబులు నిలబడి ఉంటాడు. భుజాన పొడుగాటి తుపాకీ. చెక్క మడమ, నల్లటి గొట్టం, కిందకి దిగిన మ్యాగజైను. అమ్మల వేలు పట్టుకుని వచ్చిన పిల్లల కళ్లన్నీ దాని మీదే.

దాని పేరు ఎస్.ఎల్.ఆర్., సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే పేలేది ఒక్క తూటాయే. కానీ ఖాళీ డొల్లని బయటికి విసిరేసి, కొత్త తూటాని లోపలికి తోసి, మళ్లీ సిద్ధంగా కూర్చునే పనంతా అదే చూసుకుంటుంది. మా బాబాయి పట్టాళంలో 17 ఏళ్లు దీన్నే మోశాడు. నాలుగు కిలోల పైచిలుకు బరువు, దాదాపు 114 సెంటీమీటర్ల పొడవు. మా జిల్లా వాళ్లకి పట్టాళం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఎవరూ ఒట్టి మాధవరం అనరు, మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి మనుషులు వెళ్లారు.

ఈ తుపాకీ మన దేశానికి ఒక దెబ్బ తిన్నాకే వచ్చింది. 1962 చలికాలంలో హిమాలయాల మీద మన జవాన్ల చేతుల్లో ఉన్నది .303 లీ ఎన్‌ఫీల్డ్, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నమూనా. మంచి తుపాకే. కానీ ప్రతి గుండుకీ బోల్టుని చేత్తో పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, కిందకి దించాలి. కొంకర్లు పోయిన వేళ్లతో ఈ నాలుగు పనులూ చేస్తూ వాళ్లు ఎదుర్కొన్నది సెమీ ఆటోమేటిక్ తుపాకులు పట్టుకున్న చైనా సైన్యాన్ని. బాబాయి ఆ తర్వాతి తరం వాడైనా ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు మారిపోతుంది.

బెల్జియంలోని హెర్‌స్టాల్‌లో ఎఫ్.ఎన్. కంపెనీకి ద్యూదొనే సైవ్ రూపకల్పన చేసిన ఎఫ్.ఏ.ఎల్. అనే తుపాకీ అప్పటికే ప్రపంచమంతా తిరుగుతోంది. చివరికి 90కి పైగా దేశాలు దాన్ని వాడాయి. బ్రిటన్ దాన్నే తన అంగుళాల కొలతల్లోకి మార్చుకుని ఎల్1ఏ1 అని పేరు పెట్టుకుంది. పుణెలోని ఆయుధ పరిశోధనశాల రకరకాల నమూనాలు తెప్పించుకుని, విప్పి, కొలిచి, మన సొంత రూపం గీసింది. అదే 7.62 మి.మీ. 1ఏ1, మన ఎస్.ఎల్.ఆర్. కోల్‌కతాకి ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో అది తయారైంది. అనుమతి లేకుండా చేశారని ఎఫ్.ఎన్. అభ్యంతరపెడితే రాయల్టీ కట్టి, బెల్జియంలో చేసిన తుపాకులు కొన్ని కొని రాజీ పడ్డారు.

ఇలా పుట్టడం వల్ల దానికో ప్రత్యేకత వచ్చింది. కొలతలు అచ్చంగా బ్రిటిషువీ కావు, బెల్జియంవీ కావు. అందుకే విడిభాగాలన్నీ వాటితో అదలాబదలీ కుదరవు. విడిభాగం అన్న ఊహే తుపాకీతో పెరిగిన ఊహ. 1785లో పారిస్‌లో హొనోరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు, విప్పి పోగుపెట్టిన ముక్కల్ని అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ ముందుంచాడు. జెఫర్సన్ చేతికొచ్చిన ముక్కలు ఏరి కొన్ని తుపాకీ లాకులు (పేల్చే యంత్రాలు) తనే బిగించాడు. అన్నీ కుదిరాయి. అప్పటిదాకా దాదాపు ఏ తుపాకీ లెక్క దానిదే, దాని ముక్క దానికే.

1ఏ1 మడమ అడుగున ఉన్న రేకు మాత్రం పాత లీ ఎన్‌ఫీల్డ్‌దే. దానికో చిన్న తలుపు, లోపల నూనె సీసా, గొట్టం తుడిచే తాడు.

ఇక లోపలి పని. గుండు గొట్టం వదిలేటప్పటికి దాని వేగం సెకనుకు 800 మీటర్లు దాటుతుంది. గొట్టంలో దాని వెనకున్న వాయువు పీడనం ఒక దశలో వాతావరణ పీడనానికి 3,000 రెట్ల పైమాటే. గొట్టం పైభాగాన ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే కొంచెం వాయువు ఆ రంధ్రంలోంచి పైకెక్కి పిస్టనుని తంతుంది. పిస్టను వెనకున్న క్యారియర్ని తడుతుంది. క్యారియరు కొద్ది దూరం ఒట్టిగా జరిగి, అప్పుడు తూటా వెనక మూసి ఉంచే బ్రీచ్ బ్లాకు తోకని పైకెత్తి తాళం విప్పుతుంది. ఆ కొద్ది దూరం ఊరికే పెట్టింది కాదు. ఈలోగా గుండు బయటపడాలి, పీడనం పడిపోవాలి. ముందే తాళం విడితే డొల్ల చిరుగుతుంది, తుపాకీ పట్టుకున్నవాడి ముఖానికే ప్రమాదం.

ఆ తాళం పడే చోట ఒక చిన్న గట్టి ఉక్కు ముక్క అడ్డంగా దిగి ఉంటుంది. తుపాకీ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు అదే. దాన్ని వెంట్రుక మందంలో సగం కూడా లేని తేడాలతో ఎన్నో సైజుల్లో చేస్తారు. తుపాకులు బాగుచేసే ఆర్మరరు గేజీలు పెట్టి చూసి, ఏ తుపాకీకి ఏ సైజు సరిపోతుందో ఏరి దిగగొడతాడు. తూటా వెనక ఎంత సందు ఉండాలో తేల్చేది అదే. సందు ఎక్కువైతే డొల్ల పగులుతుంది, తక్కువైతే తాళం పడదు.

ఇంత చెబితే తుపాకీ అంతా అంత బిగువుగా ఉండాలనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా ఊళ్లో రైసు మిల్లుల షాఫ్టులు తిప్పే లేత్ మేస్త్రీ నా ఆలోచన మార్చాడు. ఓసారి బేరింగు బుష్షు ఎక్కిస్తూ, "మరీ బిగించేస్తే వేడెక్కి పట్టేస్తదండి. కూసింత ప్లే ఉండాలి" అన్నాడు. ఆ "ప్లే" అన్న మాటలో నమ్మకమైన యంత్రం రహస్యం సగం ఉంది. తాళం దగ్గర బిగువు, జారే చోట వదులు. ఇది తారుమారైతే ఎంత నాణ్యమైన ఉక్కయినా దండగే.

ఎఫ్.ఏ.ఎల్. ఆ పాఠం ఇసుకలో నేర్చుకుంది. మెషినింగు చక్కగా కుదిరిన క్యారియరు, దాని గాడి మధ్య ఎడారి ఇసుక దూరితే కదలిక మొరాయించేది. బ్రిటిషువాళ్లు క్యారియరు పక్కల వంకర గాళ్లు కోశారు. ఇసుక, మసి ఆ గాళ్లలోకి జారిపోతే రాపిడి తగ్గుతుంది. ఇజ్రాయెల్ ఆ ఇసుకతో చాలాకాలం వేగి, చివరికి ఏకే47 పద్ధతిలో గలీల్ అనే వేరే తుపాకీకి మారింది. ఏకే లోపలి భాగాలకి చుట్టూ చోటెక్కువ, కదిలే ముక్కల బరువెక్కువ. బురద పడినా తోసుకుంటూ పోతుంది.

ఎస్.ఎల్.ఆర్.లో ఇంకో తెలివి ఉంది, గ్యాస్ రెగ్యులేటరు. గొట్టం పైన అంకెలు చెక్కిన చిన్న రింగు అది. తెరిస్తే వాయువు బయటికి పోతుంది, మూస్తే పిస్టనుకి ఎక్కువ అందుతుంది. ముందు బాగా తెరిచి, ఒక్కో తూటా కాలుస్తూ ఒక్కో క్లిక్కు మూసుకుంటూ వస్తారు. తుపాకీ సరిగ్గా ఆడటం మొదలైన అంకె దొరుకుతుంది. అక్కడితో ఆగరు.

"ఇంకో రెండు క్లిక్కులు మూయాల్రా. అయ్యి బురదకి" అనేవాడు బాబాయి.

శుభ్రమైన తుపాకీకి అక్కర్లేని బలాన్ని మురికి తుపాకీ కోసం దాచడమన్నమాట. పోనీ బలమంతా ఎప్పుడూ పెట్టేస్తే? భాగాలు కొట్టుకుని తొందరగా అరుగుతాయి, భుజానికి దెబ్బ ఎక్కువ. అందుకే రెండు క్లిక్కులు, నాలుగు కాదు.

తుపాకీ ఒక్కటే బాగుంటే సరిపోదని వియత్నాంలో అమెరికా తెలుసుకుంది. 1960ల మధ్యలో ఎం16 తూటాల్లో మందు రకం మార్చారు. మసి పెరిగింది, కదలికల వేగం పెరిగింది. తూటా గదికి క్రోమియం పూత లేదు. పైగా చాలామందికి తుడుచుకునే సరంజామా కూడా ఇవ్వలేదు. డొల్లలు గదిలో ఇరుక్కుపోయి, విప్పిన తుపాకుల పక్కనే కుర్రాళ్లు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెసు విచారణ జరిగాక పూత వచ్చింది, శుభ్రం చేసే శిక్షణ వచ్చింది. అదే తుపాకీ వంశం ఇప్పటికీ వాడుకలో ఉంది. తూటా, తుపాకీ, నూనె గుడ్డ మూడూ కలిస్తేనే ఒక యంత్రం. ఆ మూడిట్లో ఒకదాన్ని వేరే గదిలో కూర్చుని మార్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మన దగ్గర 1971 యుద్ధంలో జవాన్ల చేతుల్లో ఉన్నది ప్రధానంగా ఎస్.ఎల్.ఆర్.లే. 1987లో శ్రీలంక వెళ్లిన మన దళాలకి ఏకే47లు ఎదురయ్యాయి. దగ్గరి పోరులో ఎస్.ఎల్.ఆర్. పొడవు, బరువు అడ్డమయ్యాయి. తర్వాత తేలిక తూటాతో ఇన్సాస్ రైఫిల్ వచ్చింది. 1999 కార్గిల్ చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని ఫిర్యాదులొచ్చాయి. ఇప్పుడు అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే203 తయారవుతోంది. సైన్యం వదిలేసిన ఎస్.ఎల్.ఆర్. పోలీసుల దగ్గర ఇంకా కనిపిస్తోంది.

బాబాయి పట్టాళం నుంచి తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. చేలో మందు కొట్టాక స్ప్రేయరు గొట్టాన్ని నీళ్లతో కడిగి ఊరుకోడు. పురికొసకి ఒక చివర మేకు కట్టి గొట్టంలోకి జారవిడుస్తాడు. రెండో చివర పాత లుంగీ పీలిక. మేకు కిందకి దిగగానే ఒక్క గుంజుడు, ఆగకుండా. మధ్యలో ఆపితే గుడ్డ అక్కడే ఇరుక్కుంటుందట. బయటికొచ్చిన పీలికని వెలుతురులో పెట్టి చూస్తాడు. మరక ఉంటే మళ్లీ ఇంకో పీలిక. గోదారి గాలికి ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబడుతుందని ఆయన నమ్మకం. వర్షాకాలంలో మా ఇంటి తలుపు గొళ్లేలు చూస్తే నిజమే అనిపిస్తుంది.

మొన్నటి ఎన్నికలకి ఆయన్ని నేనే హైస్కూలుకి తీసుకెళ్లాను. ఓటేసి వస్తూ వరండాలో ఆగాడు. దూరంగానే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తుపాకీ వంక చూశాడు.

"గ్యాస్ ఎంతలో ఉంది బాబూ?"

కుర్ర కానిస్టేబులు ఒక్క క్షణం తేరిపార చూశాడు. తర్వాత తల వంచి గొట్టం మీది రింగుని వేలితో తడిమాడు.

"నాలుగులో ఉందండి."

బాబాయి తలూపి మెట్లు దిగాడు.