గుడ్‌వుడ్ బాటపై గడచిన కాలం

గడచిన ఆదివారం మధ్యాహ్నం మా పాఠశాల చిత్రలేఖనపు గదిలో నలుగురు ఉపాధ్యాయులమూ, పది పన్నెండుమంది విద్యార్థులూ కూర్చుండి, నలభై ఛాయాచిత్రాలను చేతినుండి చేతికి అందించుకొంటూ పొద్దు వాలేదాకా గడిపాము. వాటిని తెచ్చినవాడు మా పూర్వవిద్యార్థి. ఇంగ్లండులో ఇంజనీరుగా ఉన్నాడు. ఏటా సెప్టెంబరులో గుడ్‌వుడ్ అనేచోట జరిగే పాతకాలపు మోటారు పందేలకు వెళ్ళి, చూచినదంతా బొమ్మలుగా పట్టుకొని వచ్చాడు. సాహిత్యపు పుటలో మోటారు పందేలకేమి పని అని పాఠకులలో కొందరు నొసలు చిట్లింపవచ్చును. నేనూ మొదట అట్లే అనుకొన్నాను.

ఇంగ్లండు దక్షిణ తీరాన చిచెస్టరు పట్టణానికి దగ్గరగా ఉన్నది గుడ్‌వుడ్. రిచ్‌మండు ప్రభువుల వంశపు భూములవి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ వెస్ట్‌హాంప్‌నెట్ అనే వైమానిక స్థావరం ఉండేది. రెండు కాళ్ళూ పోయినా కృత్రిమ పాదాలతో విమానం నడపిన డగ్లస్ బేడర్ 1941 ఆగస్టులో కడపటిసారి యుద్ధానికి ఎగిరినది ఆ గడ్డమీదినుండే. యుద్ధం ముగిసిన పిమ్మట విమానాలు వెళ్ళిపోయినవి. మైదానం చుట్టూ వేసిన బాట మాత్రం మిగిలినది. స్వయంగా పందెగాడైన ఆనాటి ప్రభువు ఫ్రెడీ మార్చ్ ఆ బాటనే పందెపు బాటగా మలచి, 1948 సెప్టెంబరు 18వ తేదీన బ్రిస్టల్ 400 కారులో తానే ఒక చుట్టు తిరిగి ప్రారంభోత్సవం చేశాడు. చుట్టు పొడవు రమారమి 3.8 కిలోమీటర్లు. ఆనాటి పందేలలో చిన్న యంత్రాల తరగతిలో నెగ్గిన కుర్రవానికి అంతకు ముందునాడే పందొమ్మిదేళ్ళు నిండినవి. అతడే స్టర్లింగ్ మాస్.

కార్ల వేగం ఏడాదికేడాది పెరిగిపోవుటచేత, ఈ బాట ఇక క్షేమం కాదని తలచి 1966లో ప్రభువు పందేలను నిలిపివేశాడు. ముప్పైరెండేళ్ళు గడచిన తరువాత ఆయన మనుమడు పాత రూపాన్ని చెరపక బాటను బాగుచేయించి, సరిగా అదే తేదీన, 1998 సెప్టెంబరు 18న తిరిగి తెరిచాడు. నాటినుండి ఇది ఏటేటి సంబరం. పందెంలో పరుగెత్తేవి 1948 – 66 నడుమ కాలానికి చెందిన వాహనాలు. చూడవచ్చేవారు కూడా ఆనాటి దుస్తులే ధరించి వస్తారు. ఆ మూడు రోజులూ ఆవరణలోనికి కొత్త కార్లను రానివ్వరు.

మావాడు మొదట అందించిన చిత్రంలో తెల్లవారుజాము మంచులో గడ్డిమీద నిలిచిన స్పిట్‌ఫైర్ విమానం ఉన్నది. రెండవదానిలో తలకు రుమాళ్ళు చుట్టుకొన్న స్త్రీలు, టోపీలు పెట్టుకొన్న పురుషులు కంచెకు ఆనుకొని నిలుచున్నారు. మూడవదానిలో ఎర్రని ఫెరారీ ఒకటి మలుపులో ప్రక్కకు జారుతున్నది. కోట్ల విలువచేసే వాహనాన్ని గాజు బీరువాలో దాచక ఇట్లా బాటమీద వదలుట పిచ్చితనమా, ధైర్యమా అని చిత్రలేఖనం మాస్టారు అడిగారు. పరుగెత్తుటకు చేసిన వస్తువు పరుగెత్తుతూ ఉంటేనే బ్రతికి ఉన్నట్లని మావాడి సమాధానం.

మా చరిత్ర మాస్టారికి ఇదంతా రుచించలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొంటూ, "ఇది చరిత్ర కాదయ్యా, వేషం. 1948లో ఆ దేశంలో పెట్రోలుకు రేషను. తిండికి రేషను 1954 దాకా ఉన్నది. ఆ టోపీల క్రింద ఆకలి ఏదీ? ఈ నలభై బొమ్మలలో ఒక్క రేషను కార్డు చూపించు, ఒప్పుకొంటాను" అన్నారు.

గది నిశ్శబ్దమైనది. ఆయన మాటలో నిజమున్నదని అందరికీ తోచినది. మన ఊళ్ళలోనూ పూర్వవైభవాల ప్రదర్శనలు చూస్తూనే ఉన్నాము. పల్లకీని తుడిచి పెడతారు గాని, దానిని మోసిన బోయీల భుజాల కాయలను ఎవరు చూపుతారు?

మావాడు ఎదురు చెప్పలేదు. కట్టలో అడుగునుండి ఒక చిత్రం తీసి మాస్టారి ముందుంచాడు. అందులో పసిపిల్లలు కాళ్ళతో త్రొక్కే చిన్న చిన్న కార్లలో బాటపై పోటీ పడుతున్నారు. ఒక బాలుడు నాలుక పంటితో నొక్కిపట్టి, కళ్ళు చికిలించి, లోకం తల్లక్రిందులైనా చలింపనట్లు త్రొక్కుతున్నాడు. అది సెట్రింగ్‌టన్ కప్పు అనే పిల్లల పందెం, 2012నుండి జరుగుతున్నది. అందరం నవ్వాము. అప్పుడతడు, "ఈ కారు ఎవరు చేశారో తెలుసునా, మాస్టారూ?" అని అడిగాడు.

దాని పేరు ఆస్టిన్ జె 40. వేల్సు దేశంలో బార్గోడ్ అనేచోట 1949లో దీనికై ప్రత్యేకంగా ఒక కర్మాగారం నెలకొల్పారు. అందులో పనివారు బొగ్గు గనులలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయినవారు. మరల గనిలోనికి దిగే శక్తి లేదు, ఇంటిలో కూర్చుంటే తిండి లేదు. అట్టి వారికి పని కల్పించుటకై ప్రభుత్వ సహాయంతో, లాభాపేక్ష లేకుండా నడిపిన సంస్థ అది. పెద్ద కార్లు చేయగా మిగిలిన ఉక్కురేకు ముక్కలతో ఈ బొమ్మకార్లు తయారుచేసేవారు. 1971లో తయారీ ఆగేనాటికి ముప్పైరెండువేలకు పైగా వెలువడినవి. దీపాలు వెలుగుతవి, హారను మ్రోగుతుంది, మూత ఎత్తితే లోపల ఉత్తుత్తి యంత్రం కూడా ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చలేనివారు చేసిన బండిని పిల్లలు ఎగఊపిరితో త్రొక్కుతున్నారు.

చరిత్ర మాస్టారు ఆ చిత్రాన్ని చాలసేపు చూచారు. "ఇది వ్రాసి అక్కడ పెడతారా?" అని మాత్రం అడిగారు. "తెలిసినవారు తెలియనివారికి చెప్పుకొంటారండీ" అన్నాడు మావాడు.

ఆ కంచెవద్ద నిలిచే అభిమానుల తీరే అంత. ప్రక్కవాడెవరైనా సరే, తాను చూచినది చెప్పక మానరట. ఒక వృద్ధుడు జేబులోనుండి వన్నె తగ్గిన చిన్న నలుపు తెలుపు చిత్రం తీసి చూపాడట. 1962 ఏప్రిల్ 23, ఈస్టరు సోమవారం ఉదయం తీసినది. పందేనికి సిద్ధంగా నిలిచిన కారులో స్టర్లింగ్ మాస్. నాడే మాస్ కారు బాట వదలి సెయింట్ మేరీస్ మలుపు దగ్గర మట్టిగట్టుకు గ్రుద్దుకొన్నది. అతడిని శకలాలలోనుండి కోసి బయటికి తీయవలసి వచ్చినది. నెలరోజులు స్పృహ లేదు. ఎడమ ప్రక్క చాలకాలం పక్షవాతం. మరుసటి యేడు మేలో మరల అదే బాటపై ఒంటరిగా కారు నడపి చూచుకొన్నాడు. పూర్వం తలచకుండానే చేయగలిగిన పనులు ఇప్పుడు తలచి చేయవలసి వస్తున్నవని గ్రహించి, ముప్పైమూడవ యేట పందేలు విడిచాడు. ఈ మాసే 1960లో అక్కడి టూరిస్టు ట్రోఫీ పందెంలో ఫెరారీ నడుపుతూ, కారులోని రేడియో పెట్టుకొని ఆ పందెపు వ్యాఖ్యానమే విన్నాడట! 2020 ఏప్రిల్‌లో, ఈస్టరు ఆదివారం నాడు, తొంబైయవ యేట మరణించాడు.

"ఆ ముసలాయన చిత్రంలో ప్రమాదం లేదు. మాస్ ముఖం మామూలుగానే ఉన్నది. అయినా దానిని చూచినప్పటినుండి ఆ మలుపువద్ద నాకు కెమేరా పైకెత్త బుద్ధి కాలేదు" అన్నాడు మావాడు. నలభై చిత్రాలలో సెయింట్ మేరీస్ మలుపు ఒక్కటీ లేదని అప్పుడు గమనించాము.

విద్యార్థుల ఆసక్తి వేరు. చక్రాలు గిర్రున తిరుగుతూ, వెనుక చెట్లు గీతలుగా సాగిపోయి, కారు మాత్రం చెక్కినట్లు నిలిచిన చిత్రం ఎట్లా వస్తుందని వారి ప్రశ్న. లెక్కల మాస్టారు నల్లబల్ల వద్దకు లేచారు. గంటకు 160 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 44 మీటర్లు. షట్టరు సెకండులో వెయ్యవవంతు మాత్రమే తెరిస్తే ఆ వ్యవధిలో కారు జరిగేది నాలుగున్నర సెంటీమీటర్లలోపు. అన్నీ స్పష్టంగా పడతాయి, కాని కారు ఆగి ఉన్నట్లుంటుంది. అరవయ్యవవంతు సెకండు తెరిస్తే ముప్పాతిక మీటరు జరుగుతుంది. అప్పుడు కెమేరాను కారుతోబాటు అదే వేగంతో త్రిప్పగలిగితే కారు నిలుస్తుంది, లోకం పరుగెత్తుతుంది. "చేయి వణికితే రెండూ పోతవి" అని చిత్రలేఖనం మాస్టారు చేర్చారు.

ఆయనే మరొక ముచ్చట చెప్పారు. ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్టిగ్ అనే యువకుడు 1912 ప్రాంతంలో ఒక మోటారు పందెంలో ఇట్లే కెమేరా త్రిప్పి చిత్రం తీశాడు. ఆనాటి కెమేరాలో షట్టరు చీలిక పలకమీదుగా మెల్లగా కదిలేది. చక్రపు అడుగుభాగం ముందుగా, పైభాగం తరువాత పడినందున గుండ్రని చక్రం ముందుకు వాలిన కోడిగ్రుడ్డయినది. అతడు కెమేరాను కారు వెంట త్రిప్పినందున కంచెవద్ద జనం వెనుకకు వాలిపోయారు. కారు సగమే పడినది. పాడైనదని ప్రక్కన పడవేసిన ఆ బొమ్మయే 1960ల తరువాత లోకప్రసిద్ధమైనది. వేగాన్ని గీయదలచిన చిత్రకారులు చక్రాలను ముందుకు వాల్చి గీయుట మనమూ ఎరిగినదే.

లెక్కల మాస్టారు యౌవనంలో మద్రాసు వద్ద షోలవరంలో పందేలు చూచారు. అదీ యుద్ధకాలపు విమానపు బాటయే. ఆయన వద్ద ఆనాటి చిత్రం ఒకటే ఉన్నదట. అందులో ధూళి, గొడుగు పట్టుకొన్న ఒకాయన భుజం తప్ప కారు లేదు. "నేను మీట నొక్కేలోగా వెళ్ళిపోయినది. కాని ఆ ధూళి చూస్తే ఇప్పటికీ చెవులు గింగురుమంటవి" అన్నారు.

మరునాడు ఉదయం బడి గేటు వద్ద తొమ్మిదో తరగతి బాలుడొకడు ఇంటినుండి తెచ్చిన ఫోనుతో వీధిన పోయే సైకిళ్ళను వరుసగా తీస్తున్నాడు. పదింటిలో గోడ తప్ప ఏమీ లేదు. పదకొండవదానిలో గోడమీది ప్రకటనలన్నీ గీతలై సాగిపోయినవి. నడుమ సైకిలు పిడి, గంట, గంటమీద బొటనవ్రేలు స్పష్టంగా ఉన్నవి. ఆ వ్రేలు చరిత్ర మాస్టారిది. ఆయన దిగివచ్చి చూచి, తల పూర్తిగా పడలేదేమని బాలుని అడుగుతున్నారు.