శరత్కాల సైకిలు ప్రయాణం: వానకోటు ఎంపికలో గమనించవలసినవి

వానలు వెనుకబట్టాయని మనం ఊరట చెందే వేళకే ఉత్తర కోస్తాకు అసలు పరీక్ష ఎదురవుతుంది. అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండాలు తరచుగా ఏర్పడతాయి. విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబరు 12వ తేదీన. దసరా సెలవులు కూడా ఇంచుమించు ఈ దినాలలోనే వస్తాయి. విశాఖ నుండి అరకులోయ వరకు సైకిళ్ళపై వెళ్ళి వస్తామని ఇంట్లో పిల్లలు అనుమతి కోరితే తల్లిదండ్రుల మనసులో మెదిలే మొదటి ప్రశ్న వాన గురించే. సమాధానంగా బజారుకు వెళ్ళి, అన్నిటికంటే ఖరీదైన వానకోటును తెచ్చి ఇస్తే బాధ్యత తీరిందని భావిస్తాము. కానీ సైకిలు తొక్కేవానికి తడి వెలుపలి నుండి మాత్రమే రాదు, లోపలి నుండి కూడా వస్తుంది.

1823లో స్కాట్లాండుకు చెందిన చార్లెస్ మాకింతోష్ రెండు వస్త్రాల నడుమ రబ్బరు పొరను అతికించి వానకోటు తయారీకి మార్గం వేశాడు. ఆ కోటు నీటిని ఆపింది, దానితో పాటు చెమటను కూడా బంధించింది. 1969లో అమెరికాకు చెందిన రాబర్ట్ గోర్ టెఫ్లాన్ పదార్థాన్ని వేగంగా సాగదీసి అతి సూక్ష్మమైన రంధ్రాలు గల పొరను సాధించాడు. ఆ రంధ్రాలు నీటి బిందువు కంటే ఎన్నో వేల రెట్లు చిన్నవి, నీటి ఆవిరి మాత్రం వాటి గుండా సాగిపోగలదు. 'గాలి ఆడే వానకోటు' అని దుకాణదారులు చెప్పే వస్త్రాలకు మూలం ఇదే.

అటువంటి కోటు చీటీపై సాధారణంగా రెండు అంకెలుంటాయి. '10,000 మిల్లీమీటర్లు' అంటే ఆ వస్త్రంపై 10 మీటర్ల ఎత్తున నీరు నిలిచినంత ఒత్తిడి పడేవరకు అది కారదని అర్థం. మన వానలకు ఇది చాలినంత. '10,000 గ్రాములు' అనే రెండవ అంకె, ఒక చదరపు మీటరు వస్త్రం గుండా 24 గంటలలో ఎంత ఆవిరి వెళ్తుందో తెలుపుతుంది. లెక్కిస్తే గంటకు సుమారు 400 గ్రాములు. ఘాట్ ఎక్కుతూ శ్రమించే వ్యక్తికి గంటకు లీటరు వరకు చెమట పట్టవచ్చు. పైగా ఆ లెక్క ప్రయోగశాలలోనిది. బయటి గాలి తేమతో నిండి ఉన్నప్పుడు లోపలి ఆవిరి వెలుపలికి పోవడం మరింత మందగిస్తుంది. కనుక చలిదేశాలలో ఈ అంకెకు ఉన్న విలువ మన కోస్తాలో ఉండదు. మనకు ముఖ్యమైనవి చంకల క్రింద తెరుచుకునే జిప్పులు, వీపుపై గాలి పోయే సందు, గొంతు నుండి క్రింది వరకు పూర్తిగా విప్పగల ముందు జిప్పు.

అరకు దారిలో ఈ సంగతి స్పష్టమవుతుంది. విశాఖ నుండి లోయకు దూరం దాదాపు 115 కిలోమీటర్లు, లోయ ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఎక్కేటప్పుడు చిరుజల్లు పడినా కోటు తొడగకపోవడమే మేలు. శ్రమిస్తున్న శరీరం వెచ్చగానే ఉంటుంది, వాన కూడా చల్లనిది కాదు. పైకి చేరాక తడి బనియను మార్చి, పొడిదాన్ని ధరించి, దానిపై కోటు వేసుకోవాలి. ఎత్తు వలన అక్కడ ఉష్ణోగ్రత క్రిందికంటే అయిదారు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు శరీరానికి శ్రమ లేదు, ఎదురుగాలి తీవ్రం. చెమటతో తడిసినవాడు అప్పుడే వణుకుతాడు, వ్రేళ్ళు మొద్దుబారి బ్రేకు పట్టు సడలుతుంది. ఘాట్ మలుపులో ఆ ఒక్క క్షణమే ప్రాణాంతకం కాగలదు. లోపలి బనియను నూలుది కాకుండా త్వరగా ఆరే పాలియెస్టరుదైతే మంచిది.

దుకాణంలో కోటు వేసుకుని నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. సైకిలుపై వంగినట్లు ముందుకు వంగి, చేతులు చాపి చూడాలి. అప్పుడు మణికట్టు బయటపడరాదు, నడుము వెనుక భాగం కప్పి ఉండాలి. లోపలి కుట్లన్నిటిపై పట్టీ అతికి ఉందో లేదో పరిశీలించాలి, ఎందుకంటే సాధారణంగా నీరు కారేది కుట్ల నుండే. తలకప్పు తల త్రిప్పినప్పుడు చూపును అడ్డగించరాదు. రంగు పసుపు లేదా నారింజ ఉండాలి, వెలుతురు పడితే మెరిసే పట్టీలు వెనుక తప్పనిసరి. వదులుగా ఎగిరే పాంచో సైకిలుకు తగదు, గాలికి తెరచాపలా మారి అదుపు తప్పిస్తుంది. హిజాబ్ ధరించే అమ్మాయిలు హెల్మెట్ క్రింద పలుచని, అంచులు లోనికి దోపిన వస్త్రం కట్టుకోవాలి. పొడవైన దుస్తుల కొస గొలుసులో చిక్కకుండా చూసుకోవాలి.

ఖరీదును బట్టి మంచిచెడ్డలు నిర్ణయించడం దుబారాకు దారి తీస్తుంది. గాలిసందులు, అతికిన కుట్లు, సరైన కొలత గల మధ్యరకం కోటు, అవి లేని ఖరీదైన కోటు కంటే ఎన్నో రెట్లు మేలు. ఇంటికి తెచ్చాక దాన్ని తొడుక్కుని పది నిమిషాలు షవరు క్రింద నిలబడితే లోపాలు తెలిసిపోతాయి, మార్చుకునే గడువు కూడా మిగిలి ఉంటుంది. ఉతికేటప్పుడు బట్టలను మెత్తబరిచే ద్రవాలు వాడరాదు, తడిగా మడిచి పెట్టరాదు.

చివరిగా ఒక మాట పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచన చూడాలి. నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయాలి. కొండచరియలు విరిగిపడే వానకు, చెట్లు కూలే గాలికి తగిన కోటును ఇంతవరకు ఎవరూ కుట్టలేదు.