ఆతిథ్యం పొందిన కలం

మేఘాలయ రాష్ట్ర రాజధాని షిల్లాంగు నుండి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరం పోతే, బంగ్లాదేశ్ సరిహద్దుకు చేరువలో మావ్లిన్నాంగ్ అనే చిన్న ఖాసీ గ్రామమున్నది. 2003లో ఒక యాత్రా పత్రిక దీనిని ఆసియా ఖండంలోకెల్లా పరిశుభ్రమైన గ్రామమని పేర్కొన్నది. ఆ ఒక్క మాటతో గ్రామం పేరు దేశమంతటా మారుమ్రోగింది. పోకతోటలపై ఆధారపడి జీవించే ఊరిలో యాత్రికుల కోసం బసలు, భోజనశాలలు వెలిశాయి. సెలవు దినాలలో వాహనాల బారులు కూడా వచ్చాయి.

ఆ తరువాత ఆ ఊరిని గురించి వ్రాసినవారిలో అనేకులు ఆ బిరుదునే తిరిగి తిరిగి ఉపయోగించారు. ఏ కొలతతో ఆసియా అంతటినీ తూచారని అడిగినవారు తక్కువ. వీధుల వెంట వెదురు బుట్టలుంచి, వాటిలో చేరిన ఆకులలములను ఎరువుగా మార్చే పద్ధతిని నెలకొల్పినది గ్రామస్థులే. వారిని ఒక్కత్రాటిపై నడిపేది వారి గ్రామసభ. ఖాసీలు దానిని ‘దోర్బార్ ష్నాంగ్’ అంటారు. మనకు చిరపరిచితమైన దర్బారు శబ్దమే కొండలెక్కి అక్కడ సామాన్యుల సభకు పేరైనది. బిరుదు కంటె ఈ సంగతి చెప్పదగినది. అయితే దీనిని తెలుసుకోవడానికి ఊరిలో రెండు రాత్రులైనా ఉండాలి.

ఈనాడు యాత్రా పత్రికల స్థానాన్ని చాలా మేరకు అంతర్జాలంలో స్వతంత్రంగా వ్రాసే బ్లాగు రచయితలు, చలనచిత్రాలు తీసి చూపేవారు ఆక్రమించారు. పర్యాటక శాఖలు, హోటళ్లు, ప్రయాణ సంస్థలు వీరిని అతిథులుగా ఆహ్వానిస్తున్నాయి. మన దేశంలో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ కేరళ పర్యాటక శాఖ 2014లో ప్రారంభించిన ‘కేరళ బ్లాగ్ ఎక్స్‌ప్రెస్’. వివిధ దేశాల బ్లాగు రచయితలను ఒకే బస్సులో ఎక్కించి, సుమారు రెండు వారాల పాటు రాష్ట్రమంతటా త్రిప్పడం ఈ పథకం స్వరూపం. ఎంతో ధనం వెచ్చించి ప్రకటనలు వేసినా కలుగని నమ్మకం, తనవంటి ఒక యాత్రికుడు చెప్పిన మాట వల్ల పాఠకునికి కలుగుతుంది.

చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉన్నది. బస, భోజనం, ప్రయాణపు ఖర్చు తానే భరించాను కనుక ప్రశంస తనకు రావలసిన బాకీ అని ఆతిథేయుడు భావిస్తాడు. ఉప్పు తిన్న ఇంటిని తప్పుపట్టరాదని రచయిత మొగమాటపడతాడు. ఇద్దరి మధ్య మోసపోయేవాడు పాఠకుడు. మద్రాసు నుండి కాశికి 1830–31 సంవత్సరాలలో యాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యకు ఈ సంకటం లేదు. ఆయన తన ఖర్చుతో, తన పరివారంతో వెళ్లాడు. 1838లో ముద్రితమైన ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో సరుకులు దొరికేదీ, ఏ దారి దుర్గమమైనదీ దాపరికం లేకుండా కనిపిస్తుంది. నేటి యాత్రారచయితలలో అందరికీ అంతటి స్తోమత ఉండదు. కనుక ఆతిథ్యం స్వీకరించడం తప్పు కాదు, దానిని దాచడమే తప్పు.

చట్టం కూడా ఈ దృష్టినే అవలంబించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు మాత్రమే కాక ఉచిత ప్రయాణాలు, హోటలు బస కూడా వెల్లడించవలసిన ప్రయోజనాలే. ఆ వెల్లడి సులభమైన మాటలలో, రచన ఏ భాషలో ఉన్నదో ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో పొగిడి, అడుగున ఎక్కడో ఆంగ్లంలో చిన్న అక్షరాలతో ‘ప్రాయోజితం’ అని వ్రాయడం చెల్లదన్నమాట.

ఆహ్వానానికి ముందే షరతులు కాగితంపై పెట్టుకోవడం ఉభయులకూ క్షేమం. ఎన్ని రోజులు, ఏ ఖర్చులెవరివి, ఎన్ని రచనలు, ఛాయాచిత్రాలపై హక్కెవరిది అనే విషయాలు అందులో ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, లోపం కనిపిస్తే వ్రాసే స్వేచ్ఛ. తేదీ, దూరం, పేరు వంటి వాటిలో పొరపాటుంటే సరిచేయమని ఆతిథేయుడు కోరవచ్చు. అభిప్రాయాన్ని మార్చమనడం మాత్రం తగదు. మరుగుదొడ్లు సరిగా లేవని వ్రాసిన వ్యాసం పర్యాటక శాఖకు శత్రువు కాదు. ఖర్చు లేకుండా లభించిన తనిఖీ నివేదిక.

రచయితను ఎన్నుకోవడంలో అనుచరుల సంఖ్యే గీటురాయి కారాదు. పక్షుల నెరిగినవాడు చిత్తడి నేలలకు, నేతపని తెలిసినవాడు భూదాన్ పోచంపల్లి వంటి నేతగ్రామానికి తగినవాడు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎన్నుకున్న ఆ ఊరిలో, మగ్గం ముందు బొమ్మ దిగి వెళ్లేవారు ఎందరైనా ఉంటారు. నూలును ముందుగా కట్లుకట్టి రంగులద్ది, ఆ తరువాత నేస్తారని విడమరచి చెప్పగలవారు కొందరే. భాష సంగతీ ఇటువంటిదే. మేఘాలయను గురించి తెలుగులోనూ, తెలంగాణను గురించి అస్సామీలోనూ వ్రాయగలవారిని పిలిచిన శాఖకు, ఆంగ్లం ద్వారా చేరరాని పాఠకులు లభిస్తారు.

చూపరాని వాటిని ముందుగా చెప్పడం కూడా ఆతిథేయుని ధర్మమే. అండమానులోని ఉత్తర సెంటినెల్ ద్వీపవాసుల జోలికి ఎవరూ పోరాదని ప్రభుత్వం నిషేధించింది. బయటివారి నుండి వచ్చే సామాన్య వ్యాధులను సైతం తట్టుకొనే శక్తి వారికి ఉండకపోవచ్చు. అయినా 2025 మార్చిలో ఒక విదేశీయుడు చాటుగా అక్కడ అడుగుపెట్టి, చిత్రాలు తీసి, అరెస్టయ్యాడు. అతడిని పిలిచినవారెవరూ లేరు. కాని చూపడమే ఘనకార్యమనే పోటీ ఎంత దూరం పోగలదో ఈ ఉదంతం తెలుపుతుంది. పూజామందిరాలలో, ఇళ్ల ముంగిళ్లలో, పిల్లల ముఖాలపై కెమెరా త్రిప్పే ముందు అక్కడివారి అనుమతి పొందాలనే నిబంధన ఒప్పందంలో ఉండవలసినదే.

మావ్లిన్నాంగ్‌కు సమీపంలోని రివాయ్ వద్ద సజీవమైన వేళ్లతో ఏర్పడిన వంతెన ఉన్నది. మర్రి జాతికి చెందిన రబ్బరు చెట్టు వేళ్లను, వెదుళ్ల ఆధారంతోనో దొలిచిన పోకమానుల గుండానో వాగు ఆవలి గట్టుకు నడిపి ఖాసీలు ఇటువంటి వంతెనలను పెంచుతారు. మనుష్యుల బరువు మోయడానికి దశాబ్దాలు పడుతుంది. 2022లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. పూటలో చుట్టి వచ్చే రచయితకు ఇక్కడ దొరికేది ఒక ఛాయాచిత్రం. మూడు రోజుల వ్యవధి, ఖాసీ భాష తెలిసిన ఒక దుబాసీ, వేళ్లను సంరక్షించే గ్రామస్థునితో మాట్లాడే అవకాశం కల్పిస్తే, ఆ ఏడాది ఏ వేరును ఎటు మళ్లించారో కూడా అతడు వ్రాయగలడు.