ధాన్యపు రాశిలోని చెమ్మను తెలుపు గాజుపోగు

గిడ్డంగిలో బస్తాల నడుమ చేరు చెమ్మ పైకి కనబడదు. బూజు వాసన తగులు నాటికే సరకు కొంత చెడియుండును. సంఘపు గిడ్డంగిలో ధాన్యము నిలువజేసి దానిపై ఋణము పొందిన సభ్యునకు ఇది స్వల్పనష్టము గాదు. ధాన్యము చెడినంత మాత్రమున బాకీ తీఱదు గదా. కాన బస్తా విప్పకయే లోపలి చెమ్మ నెప్పటికప్పుడు తెలుపు సాధనము లేవియో రైతు లెఱుంగుట మంచిది. అట్టివానిలో నొకటి, సన్నని గాజుపోగుపై లోహపు ఆక్సైడును పలుచగా పూసి చేయునది. దానిని గూర్చి యిచ్చట వివరించుచున్నాము.

నేడు గ్రామములకు ఇంటర్నెట్టును తెచ్చు తీగలలో నున్నది ఈ గాజుపోగే. దీని లావు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. నడిమి గాజునకు కాంతిని వంచు బలము కొంచెము హెచ్చు, దానిపై తొడుగుగా నున్న గాజునకు కొంచెము తక్కువ. ఒక కొనయందు ప్రవేశపెట్టిన వెలుతురు ఈ రెంటి సరిహద్దున తగిలి మఱల లోనికే తిరుగుచు, పోగు కొంత వంగినను విడువక రెండవ కొనకు చేరును. నీటిధార వంగినపుడు వెలుతురును ధార వెంటనే వంగిపోవుటను జెనీవా నగరవాసియగు కొలడాన్ పండితుడు 1842 లో ప్రకటించెను. గాజులోని మాలిన్యమును తీసివేసినచో వెలుతురు బహుదూరము పోగలదని 1966 లో చార్లెస్ కావో, హాకమ్ అనువారు నిరూపించిరి. ఇందులకే కావోకు 2009 లో నోబెలు బహుమానము లభించెను.

అయితే సరిహద్దున తిరుగు వెలుతురు పూర్తిగా లోపలనే తిరుగదు. వెండ్రుకలో నూఱవ వంతు మేర వెలుపలికి తొంగిచూచి వెనుకకు వచ్చును. సాధనమునకు మూలమంతయు ఈ తొంగిచూపులోనే యున్నది. పోగుపై కొన్ని సెంటీమీటర్ల మేర తొడుగు గాజును తీసివేసి, అచ్చట టైటానియము, తగరము, ఇండియము మున్నగు లోహముల ఆక్సైడును పూయుదురు. పూత మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రాంతము. ఇవి వింత పదార్థములు గావు. టైటానియము ఆక్సైడు గోడలకు వేయు తెల్లరంగులో గలదు; ఇండియము తగరముల ఆక్సైడు మన చేతి ఫోనుల తాకుడు తెరలలో గలదు.

పూత తగిన మందమున నున్నపుడు, పోగులో పోవు తెల్లని వెలుతురునందలి యొక వన్నె పూతలోనికి దాటి యచ్చట కొంత హరించిపోవును. అవతలి కొనను వన్నెలు విడదీసి చూచిన, ఆ వన్నె చోట నల్లని పట్టె యుండును. వానకాలమున బాట మడుగుపై తేలు కిరసనాయిలు పొరలో రంగులు కనబడుట అందఱు నెఱిగినదే. రెంటి పని యొక్కటి గాదు గాని, పలుచని పొర వెలుతురులో నొక వన్నెను ఏరుకొనగల దనుటకు ఆ దృష్టాంతము చాలును. గాలిలో చెమ్మ హెచ్చినపుడు నీరు పూతయందలి సన్నని రంధ్రములలో చేరును. అంతట పూతకు కాంతిని వంచు బలము మాఱును; నల్లపట్టె తన చోటు విడిచి జరుగును. ఎంత జరిగెనో కొలిచిన, చెమ్మ యెంతయో తెలియును.

ఇట్టి పనులకు బంగారు, వెండి పూతలను గూడ వాడుదురు. ఆక్సైడు పూతయందలి మేలేమనగా, మందమును మార్చి పట్టెను మనకు వలయు వన్నెయందు నిలుపుకొనవచ్చును. స్పెయిను దేశమున పాంప్లోనా నగరమందలి నవార్రా ప్రభుత్వ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇండియము తగరముల ఆక్సైడు పూసిన పోగుతో చెమ్మను కొలుచు విధమును 2010 లో ప్రకటించిరి.

ఇక మన ధాన్యము మాట. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణము వడ్లలో తేమను నూటికి 17 పాళ్ల వఱకు ఒప్పుకొనును. కాని కొన్ని నెలలు నిలువ యుంచవలసిన వడ్లలో 14 పాళ్లకు మించరాదు. కేంద్రమున చెల్లిన ధాన్యము గిడ్డంగిలోను చెల్లునని తలచువారు మోసపోవుదురు. పోగు కొలుచునది గింజలోని తేమను గాదు, గింజల నడుమనున్న గాలి చెమ్మను. ఆ గాలి, ఆ గింజ కొన్నాళ్లు కలిసియున్న పిమ్మట నొకదానికొకటి సరిపడును. కాన గాలి చెమ్మనుబట్టి గింజ తేమను లెక్కింపవచ్చును. ఆ గాలిలో చెమ్మ 70 పాళ్లకు లోబడియున్నచో బూజు సాధారణముగా పెరుగదు. పోగులో విద్యుత్తు పాఱదు, నిప్పురవ్వ పుట్టదు. ధాన్యపు ధూళి నిండిన గాదెలలో ఇది చిన్న మేలు గాదు.

చిక్కులును గలవు. వేడిమి మాఱినను పట్టె జరుగును. అందువలన చెమ్మ తగులకుండ మూసిన మఱియొక పోగును ప్రక్కనే యుంచి తేడా చూడవలయును. పూతపై ధూళి పేరుకొనినచో కొలత తప్పును. అన్నిటికంటె పెద్దది వెల. పోగు చౌకయే గాని, వన్నెలను విడదీసి చదువు యంత్రము ప్రియము. ఒక్క వన్నె దీపమును, వెలుతురు కొలుచు చిన్న బిళ్లను వాడి ఖర్చు తగ్గింపవచ్చును. అట్లు చేసిన కొలతలో సూక్ష్మత కొంత తగ్గును.

ఇప్పటికి మా యభిప్రాయమున ఏ చిన్న సంఘమును దీనికై మూలధనమును వెచ్చింపరాదు. చేతి తేమమాపకముతో, రాశి పైననే గాక నడుమనుండియు అడుగునుండియు బొంగుతో తీసిన గింజలను పరీక్షించుట నేటికి చాలును. ఎవరైన ఈ పోగు సాధనమును అమ్మజూపినచో, వేడిమి తేడాను ఎట్లు సవరించుచున్నారు, పురుగుమందు పొగ పెట్టిన పిదప పూత నిలుచునా, కొలతను ఎన్నినాళ్ల కొకసారి సరిచూడవలయును, అని కార్యదర్శులు ముందుగా వ్రాతమూలమున అడిగి తెలిసికొనవలయును.