మూడు తీగల మర్మము

పాఠశాల వార్షికోత్సవమున ఉపన్యాసము మొదలు కాకమునుపే ధ్వనివర్ధకము నుండి తుమ్మెద ఝంకారము వంటి రొద వినవచ్చుట మీరెరిగినదే. ఆ రొద యెక్కడిది?

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు పొందుచుండును. ఆ తీగల సమీపమున మైక్రోఫోను తీగ యున్నచో, దానిలోను స్వల్పమైన విద్యుత్తు పుట్టును. మైక్రోఫోను పంపు సంకేతము కొన్ని మిల్లీవోల్టులే గనుక, ఆ స్వల్పమును దానితోపాటు పెరిగి రొదగా వినిపించును.

టెలిఫోను తొలి దినములలోను ఇట్టి చిక్కే కలిగెను. అప్పుడు ఒకే తీగ వేసి, విద్యుత్తు మరలివచ్చుటకు భూమిని వాడెడివారు. ఇరుగుపొరుగు తీగల చప్పుళ్లు సంభాషణలో చొరబడుచుండెను. 1881లో అలెగ్జాండర్ గ్రాహంబెల్, రెండు తీగలను పురిపెట్టి వాడు పద్ధతికి పేటెంటు పొందెను. పురి వలన రెండు తీగల మీదను రొద సమానముగా పడును.

సమానముగా పడిన నేమి లాభము? త్రాసును చూడుడు. రెండు పళ్లెములలోను సమానముగా దుమ్ము పడినచో ముల్లు కదలదు. ఒక ప్రక్క బరువు హెచ్చినప్పుడే కదలును. అటులనే సమతుల్య పద్ధతిలో గ్రహించు యంత్రము రెండు తీగల భేదమును మాత్రమే తీసికొనును. సంకేతము ఆ భేదమే కనుక నిలుచును. రొద రెంటను సమానమే కనుక రద్దగును. ఈ తీగలను కప్పియుండు లోహపు అల్లిక కవచము. ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో 1వ సూది కవచమునకు, 2వది సంకేతమునకు, 3వది దాని విలోమ సంకేతమునకు ఏర్పడినవి.

అయితే కీబోర్డు వంటి పెక్కు వాద్యములకు ఒక సంకేతపు తీగయు, కవచమును మాత్రమే యుండును. వానిని సమతుల్య యంత్రమునకు కలుపునపుడు, కవచము గల రెండు తీగల కేబులునే వాడవలెను. వాద్యము వైపున 2వ సూది తీగను ప్లగ్గు కొనకును, 3వ సూది తీగను కవచముతో గూడ ప్లగ్గు వెలుపలి భాగమునకును అతుకవలెను. అప్పుడు కవచమున ప్రవహించు రొదను యంత్రము చాలవరకు లెక్క నుండి తీసివేయగలదు. 3వ తీగను యంత్రము వద్దనే కవచముతో కలిపినచో ధ్వని వచ్చును గాని ఆ మేలు పోవును. దూరము హెచ్చినచో నడుమ ట్రాన్స్‌ఫార్మరు నుంచుట మంచిది.

ఒక్క హెచ్చరిక. రొద పోవలెనని కొందరు యంత్రపు విద్యుత్ ప్లగ్గు నుండి భూమి తీగను ఊడదీయుదురు. రొద తగ్గవచ్చును, కాని ప్రాణమునకే ముప్పు కలుగును. లోపలి తీగ తెగి లోహపు పెట్టెకు తగిలినచో, భూమి తీగ గుండా విద్యుత్తు ఉధృతముగా పారి ఫ్యూజు కాలిపోవును, మనుష్యుడు బ్రతుకును. ఆ తీగ లేనిచో, మైక్రోఫోను పట్టినవాని దేహమే విద్యుత్తునకు దారి యగును.

కావున రొదను కేబులులో వెదకి సరిదిద్దవలెనే గాని, రక్షణను తెగగోయరాదు.